సీరియల్ నంబరు 8,00,000కు ఇటూ అటూ

ఎం1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ బేరానికి వస్తే ముందు అడగాల్సింది సీరియల్ నంబరు. ధర ఆ తర్వాత. చెక్క మెరుపు ఇంకా తర్వాత.

అమెరికా సైన్యం 1903లో స్వీకరించిన బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఇది. బోల్ట్ పిడి ఎత్తి వెనక్కి లాగితే కాల్చిన ఇత్తడి తొడుగు బయటికొస్తుంది, ముందుకు తోసి దించితే కొత్త తూటా లోపలికెళ్తుంది. డిజైన్‌లో చాలా భాగం జర్మనీ మౌజర్‌ది. ఆ పేటెంట్లకుగాను అమెరికా ప్రభుత్వం 2,00,000 డాలర్ల రాయల్టీ కట్టాల్సి వచ్చింది. టెక్సస్‌లోనో జార్జియాలోనో స్థిరపడి, రేంజ్‌లో గురి చూడటానికో జింకల వేటకో పాత రైఫిల్ ఒకటి కొందామనుకునే మనవాళ్లకు గన్ షోలో ఇది కంటబడటం మామూలే.

దీన్ని మొదట్లో రెండే కర్మాగారాలు చేశాయి: మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ, ఇల్లినాయిలోని రాక్ ఐలాండ్ ఆర్సెనల్. మొదటిదానిలో 8,00,000 లోపు నంబర్లు, రెండోదానిలో 2,85,507 లోపు నంబర్లు అనుమానితాలు. రెండూ కలిపితే 10.8 లక్షల పైచిలుకు. వీటినే అక్కడి వాళ్లు ‘లో నంబర్’ రైఫిళ్లు అంటారు.

అనుమానం రిసీవర్ మీద. బోల్ట్ కదిలే ఉక్కు గూడు అది. బ్యారెల్‌ను దానికే బిగిస్తారు, నంబరు కూడా దానిమీదే చెక్కుతారు. రిసీవర్ పోత పోసింది కాదు, ఎర్రగా కాల్చి సాగగొట్టింది. ఉక్కు ఎంత కాలిందో ఆ రోజుల్లో పనివాడు రంగు చూసి చెప్పేవాడు. చేయి తిరిగినవాడే, కన్నూ మంచిదే. కానీ షెడ్డులోకి వచ్చే వెలుతురు రోజుకో రకంగా ఉండేది. 1917లో కొన్ని రైఫిళ్లు పగిలాక, వేడిని కొలిచే పైరోమీటరు పెట్టి చూస్తే, ఎండ బాగా కాసే రోజున ‘సరిపోయింది’ అని తీసిన ఉక్కు, మబ్బు రోజున తీసినదానికంటే 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఎక్కువ వేడెక్కి ఉందని తేలింది. అంటే దాదాపు 165 సెల్సియస్ డిగ్రీల తేడా. అంతగా మాడిన ఉక్కు పెళుసెక్కుతుంది. తర్వాత ఎన్నిసార్లు కాచి చల్లార్చినా ఆ పెళుసుతనం పోదు. 1918లో పైరోమీటర్లు, రెండు దశల కాపు పద్ధతి వచ్చాయి. అక్కడితో గీత గీశారు.

మరి ఎన్ని పగిలాయి? సైన్యంలో ఆయుధాల అధికారి జూలియన్ హాచర్ తన పుస్తకంలో 1917 నుంచి 1929 దాకా పట్టిక ఇచ్చాడు. మొత్తం 68 రిసీవర్లు. చావులు లేవు. ముగ్గురికి ఒక్కో కన్ను పోయింది, 6 తీవ్ర గాయాలు, 34 చిన్న గాయాలు, మిగతా 25 ఘటనల్లో గాయాల వివరం లేదు.

10.8 లక్షలను 68తో భాగిస్తే సుమారు 16,000 రైఫిళ్లకు ఒకటి. ‘ఇంతేగా’ అనిపిస్తుంది, అమ్మేవాళ్లు సరిగ్గా ఈ మాటే అంటారు. ఆ లెక్కను నేను రెండు కారణాలతో నమ్మను. ఒకటి, 68 అన్నది సైన్యం దృష్టికి వచ్చిన ఘటనల సంఖ్య మాత్రమే, అదీ 1929 వరకే. రెండు, తయారైన ప్రతి రైఫిలూ ఒకేలా పేలలేదు. కొన్ని వేల తూటాలు చూశాయి, కొన్ని పెట్టెల్లోనే ఉండిపోయాయి. రైఫిళ్లతో భాగించడం కాదు, పేల్చిన తూటాలతో భాగించాలి. ఆ లెక్క ఎవరూ రాసి పెట్టలేదు. న్యాయంగా అవతలి పక్షం మాట కూడా చెప్పాలి: 1917 తూటాల్లో కొన్నిటి ఇత్తడి మెత్తగా ఉండేది, కొందరు పొరపాటున 8 మిల్లీమీటర్ల జర్మన్ తూటా పెట్టి పేల్చారు. మంచి రిసీవర్ అయితే అలాంటి తప్పుకు ఉబ్బుతుంది, సాగుతుంది. పెళుసుది ముక్కలవుతుంది.

ఇక్కడ ఒత్తిడి సంగతి. ఈ రైఫిల్ తినే థర్టీ ఆట్ సిక్స్ తూటాకు నేటి గరిష్ఠ ప్రమాణం చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు. కారు టైరులో ఉండేది సుమారు 35. పైగా ఈ డిజైన్‌లో తొడుగు వెనక భాగం కొంచెం ఉక్కు చాటు లేకుండా బయటే ఉంటుంది. ఇత్తడి అక్కడ తెగితే ఆ వాయువంతా రిసీవర్ మీదికి, మీ ముఖానికి ఒక అడుగు దూరంలో.

‘మా తాత ముప్పై ఏళ్లు పేల్చాడు’ అన్న మాట అందుకే దేన్నీ రుజువు చేయదు. పెళుసు ఉక్కు ముందుగా హెచ్చరించదు. పాత సైనిక రైఫిళ్లను పౌరులకు అమ్మే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ కూడా ఈ నంబర్ల రైఫిళ్లను పేల్చవద్దనే చెబుతోంది.

బ్యారెల్ మీద ముందు సైటు వెనకాల నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. అది బ్యారెల్ వయసు, రైఫిల్‌ది కాదు. మరమ్మతుకు వచ్చినప్పుడు బ్యారెళ్లు మార్చేవారు కాబట్టి, 1917 నాటి రిసీవర్‌కు 1940ల బ్యారెల్ ఉండొచ్చు. ఆ ముద్ర చూసి కొత్తదనుకుంటే మోసపోతారు.

నంబరు గట్టెక్కాక గన్‌స్మిత్ దగ్గరికి. అతను హెడ్‌స్పేస్ కొలుస్తాడు, అంటే బోల్ట్ మూశాక తూటాకు లోపల ఎంత చోటు మిగిలిందో. 1.940 అంగుళాల గో గేజి మీద బోల్ట్ మూసుకోవాలి, 1.950 అంగుళాల ఫీల్డ్ గేజి మీద మూసుకోకూడదు. రెంటికీ తేడా పావు మిల్లీమీటరు. వెయ్యి డాలర్ల వస్తువు భవితవ్యం ఆ పావులోనే ఉంటుంది. అయితే ఈ పరీక్ష పెళుసుతనాన్ని పట్టుకోలేదు. లో నంబర్ రైఫిల్ కూడా దర్జాగా పాసవుతుంది.

కాల్చడానికైతే నా ఓటు రెండో ప్రపంచ యుద్ధకాలపు రెమింగ్టన్, స్మిత్ కరోనా సంస్థలు చేసిన దీని తర్వాతి రకం 03ఏ3కే. రేకు నొక్కి చేసిన భాగాలు, చూడ్డానికి ముతక. కానీ రిసీవర్ మీద భయం లేదు, కంటికి దగ్గరగా ఉండే వెనక సైటుతో గురి తేలిక. ఒక్క జాగ్రత్త: వీటిలో కొన్నిటిని కవాతు కోసం వెల్డింగ్ చేసి పనికిరాకుండా చేశారు. ఆ వెల్డింగ్ కోసేసి, కొత్త బ్యారెల్ బిగించి అమ్మేవీ ఉన్నాయి. వెల్డింగ్ వేడి తగిలిన ఉక్కు జోలికి పోకండి. స్ప్రింగ్‌ఫీల్డ్ ముద్రే కావాలంటే నికెల్ ఉక్కు వాడిన 12,75,767 నుంచి పైవాటిని వెతకండి.

వీటన్నిటికంటే ముందు వీసా. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వాళ్లకు ఈ అడ్డు లేదు. ‘పురాతన వస్తువు కదా, చట్టం వర్తించదు’ అని ఎవరైనా అంటే వినొద్దు: ఫెడరల్ చట్టం పురాతనం అనేది 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవాటినే.

కొనే ముందు సీరియల్ నంబరు స్పష్టంగా కనిపించే ఫోటో పంపమనండి. పంపనంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.