యాంటీబయాటిక్‌కు సుగంధ తైలం తోడైతే

వాము గింజల గుండా నీటి ఆవిరిని పంపి, ఆ ఆవిరిని చల్లార్చినప్పుడు నీటిపై తేలే ఘాటైన ద్రవాన్ని సుగంధ తైలం అంటారు. నువ్వుల నూనె వలె ఇది కొవ్వు కాదు. తేలికగా ఆవిరైపోయే చిన్న అణువుల మిశ్రమం. కర్నూలు ప్రాంతంలోనూ పండే వాము తైలంలో థైమాల్, లవంగ తైలంలో యూజినాల్ ప్రధాన పదార్థాలు. థైమాల్‌ను నోరు పుక్కిలించే మందుల్లోనూ, యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి పంటికి పెట్టే తాత్కాలిక సిమెంటులోనూ చాలాకాలంగా వాడుతున్నారు.

మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12.7 లక్షల మరణాలకు నేరుగా కారణమైందని అంచనా. కొత్త యాంటీబయాటిక్‌ల రాక మందగించడంతో, పాత మందుకే ఒక సహాయకారిని జతచేసే మార్గంపై పరిశోధకుల దృష్టి పడింది. ఈ ఆలోచనకు వైద్యంలో పూర్వ నిదర్శనం ఉంది: అమాక్సిసిలిన్‌ను విరిచేసే బ్యాక్టీరియా ఎంజైమును క్లావులానిక్ ఆమ్లం పనిచేయకుండా అడ్డుకుంటుంది కనుక ఆ రెంటినీ ఒకే మాత్రలో ఇస్తున్నారు.

అలాంటి సహాయకారులుగా పరిశీలిస్తున్న సుగంధ తైలాల పని తీరు వేరు. థైమాల్ వంటి అణువులు బ్యాక్టీరియా కణాన్ని చుట్టివుండే కొవ్వు పొరలోకి చొరబడి దానిని వదులుచేయడంతో లోపలి పొటాషియం అయాన్లు బయటికి కారిపోతాయి, బయటి యాంటీబయాటిక్ లోపలికి పోవడం సులువవుతుంది. కొన్ని తైలాంశాలు, లోపలికి వచ్చిన మందును బయటికి తోసివేసే పంపుల వంటి ప్రోటీన్లను కూడా అడ్డుకుంటాయి. అయితే అదనపు బాహ్య పొర గల గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా, ముఖ్యంగా సూడోమోనాస్, ఈ దాడిని బాగా తట్టుకుంటుంది.

ఈ కలయిక బలాన్ని 96 చిన్న గుంటలున్న పలకపై, మందును ఒక దిశలో, తైలాన్ని మరో దిశలో క్రమంగా పలచన చేస్తూ కొలుస్తారు. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి విడిగా అవసరమయ్యే కనీస మోతాదులో, కలిపినప్పుడు ఒక్కొక్కటి ఎన్నో వంతు సరిపోయిందో చూసి ఆ రెండు భిన్నాలను కూడుతారు. రెండూ నాలుగో వంతుకు తగ్గితే మొత్తం 0.5 అవుతుంది, 0.5 గాని అంతకు తక్కువ గాని వస్తే అవి ఒకదానికొకటి బలమిచ్చినట్లు, 4 దాటితే ఒకదానినొకటి దెబ్బతీసినట్లు లెక్క.

ఈ తైలాలకున్న యాంటీ ఆక్సిడెంట్ గుణం సంగతి ఇంత సూటిగా లేదు. జత లేని ఎలక్ట్రాను వల్ల కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌కు థైమాల్, యూజినాల్ తమలోని హైడ్రోజన్‌ను ఇచ్చి శాంతింపజేస్తాయి. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణం పసుపుపచ్చగా మారడం ఇందుకు ప్రయోగశాలలో కనిపించే గుర్తు. కాని బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్‌లు కొంతవరకు ఆ రాడికల్స్ సాయంతోనే చంపుతాయని బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రతిపాదించారు. 2013లో వెలువడిన పరిశోధనలు దానిని గట్టిగా ప్రశ్నించాయి, వివాదం పూర్తిగా తీరలేదు. కాబట్టి ప్రకటనలు గొప్పగా చెప్పే ఈ గుణం మందుకు మేలే చేస్తుందని ముందుగా అనుకోవడానికి వీల్లేదు. ఒక్కొక్క జతనూ విడిగా పరీక్షించవలసిందే.

పలకపై గెలిచిన జత శరీరంలోనూ గెలుస్తుందన్న హామీ కూడా లేదు. మింగిన తైలాంశాలను కాలేయం త్వరగా రూపుమార్చి బయటికి పంపుతుంది కనుక బ్యాక్టీరియాను అణచే మోతాదు రక్తంలో నిలవడం కష్టం, మోతాదు పెంచితే విషమవుతుంది. లవంగ తైలం మింగిన చిన్నపిల్లలకు కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పైగా పంట, నేల, కోత కాలాలను బట్టి తైలం కూర్పు మారిపోతుంది. చర్మంపై పుండ్లు, నోటి ఇన్‌ఫెక్షన్లు వంటి పైపూత సరిపోయే చోట్ల ఈ జతలకు ఎక్కువ అవకాశం ఉంది. అది రుజువయ్యేంతవరకు, వైద్యుడు రాసిన యాంటీబయాటిక్‌ను తైలం ఉందన్న ధైర్యంతో తగ్గించడం గాని, మధ్యలో ఆపడం గాని, ఆ తైలాన్ని చుక్కలుగా తాగడం గాని ఎవరూ చేయరాదు.