వాలుగ దవడ, రవివర్మ పమిట

పెండ్లిళ్ళ కాలము వచ్చినదనగానే కైకలూరు, ఆకివీడు, మండవల్లి ప్రాంతముల స్త్రీలు సంచులలో చీరలు పెట్టుకొని ఏలూరు బస్సెక్కుదురు. వారు వచ్చునది చీర కొనుటకు కాదు, కొన్న చీరకు జోడు కుదుర్చుకొనుటకు. మాచింగ్ సెంటరని మనమందరము పిలుచు ఆ యిరుకు దుకాణములో నేల మొదలు కప్పు వరకు జాకెట్టు గుడ్డల తానులు రంగుల వరుసను పేర్చియుండును; ఒక్క పచ్చలోనే చిలుకపచ్చ, ఆకుపచ్చ, మామిడిపిందె పచ్చ, కొల్లేటి నాచు పచ్చ అని పది పదిహేను భేదములు. దుకాణదారుడు తాను విప్పి చీరపై పరచి, "కలిసిపోయిందండీ" అనును. ఆమె యొప్పుకొనదు. చీరను, గుడ్డను చంకను పెట్టుకొని వాకిటిలోనికి వచ్చి యెండలో పట్టి చూచును. ట్యూబులైటు అబద్ధమాడునని ఆమెకు తెలియును.

ఈ ప్రసంగమెందులకనగా, చేనేత చీరను దేశమంతట ఫ్యాషన్ వేదికల మీదికెక్కించిన హైదరాబాదు వస్త్రరూపకర్త గౌరంగ్ షా చదువుకొన్న బడి ఇట్టి దుకాణమే. ఆయన ఏ ఫ్యాషన్ కళాశాలలోను పట్టము పుచ్చుకొనలేదు. తండ్రిగారి మాచింగ్ జాకెట్టు గుడ్డల దుకాణములో నిలిచి, వచ్చిపోవు స్త్రీల చేతులలోని చీరలను చూచుచు పెరిగెను. గుడ్డ అమ్మువాడు చీరను చూచు చూపు వేరు, చీర అమ్మువాడు చూచు చూపు వేరు. చీర అమ్మువానికి అది ముగిసిన వస్తువు. గుడ్డ అమ్మువానికి అది ఇంకను జవాబు దొరకని ప్రశ్న. ఆయన తరువాతి పని యంతయు, నా దృష్టిలో, ఆ యొక్క ప్రశ్నను పెద్దది చేసికొనుచు పోవుటయే.

సాధారణముగా ఫ్యాషన్ అనగా మనకు స్ఫురించునది కత్తెర. గుడ్డ ఎక్కడనుండియో వచ్చును, దర్జీ దానిని కోసి కుట్టి ఆకృతి కల్పించును, ఏటేట ఆ ఆకృతి మారును. చీరకు కత్తెరతో పనిలేదు. అది కుట్టని వస్త్రము, కట్టు స్త్రీయే దానికి ఆకృతి నిచ్చును. అట్టి వస్త్రమున నూతనత్వము తేదలచినవాడు మగ్గము వద్దకు పోవలసినదే. గౌరంగ్ షా పోయి చేపట్టినది జాందానీ. ఢాకా నేతగాండ్ర విద్యగా లోకప్రసిద్ధమై, 2013లో యునెస్కో వారి వారసత్వ జాబితాలో చేరిన ఈ పద్ధతి మన తూర్పు తీరమున ఉప్పాడలోను, ఆ పరిసర గ్రామములలోను వేళ్ళూనుకొని యున్నది. ఉప్పాడ జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది.

దీని మర్మమేమని యడుగుదురేమో. పడుగు నిలువు పోగులు, పేక అడ్డపోగులు, ఇది ఏ గుడ్డకైనను ఒక్కటే. జాందానీలో నాడె ఒక వరుస పేక వేయగానే, బుటా రావలసిన చోటులకెల్ల నేతగాడు వేరొక రంగు నూలును చిన్న చిన్న కండెలతో, ఇన్ని పోగుల పైని, ఇన్ని పోగుల క్రింద అని లెక్కపెట్టి చేతితో చొప్పించును. అటుపిమ్మట మరల నాడె. మగ్గము వద్ద ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకరి లెక్కను ఒకరు మోయుదురు. జాకార్డు యంత్రమునందు అట్టలు కట్టినదే మరల మరల దిగును. జాందానీలో పదవ పువ్వు తొమ్మిదవ పువ్వు వలె ఉండవలెనను నిర్బంధము లేదు. చేతితో బొమ్మ గీయుటకును, అచ్చు గుద్దుటకును ఉన్న భేదమే యిది. అందుచేతనే ఈ నేతలో పని నెమ్మది, వెల మిక్కుటము. గౌరంగ్ షా పెద్ద చీరలు మన జిల్లాలో నూటికి తొంబది యిండ్లవారు చేత పట్టుకొని చూడవలసినవే గాని కొనదగినవి కావని చెప్పుటకు నేను మొగమాటపడను.

తొలి దశలో ఆయన చేసినది, ఉన్న నేతలకు పెండ్లి చేయుట. ఉప్పాడ జాందానీ తేలిక, కంచిపట్టు బరువు. ఒకటి గాలి, ఒకటి నేల. జాందానీ ఒడలికి కంచి పద్ధతి పెద్ద అంచును, కొన్నింట పైఠణీ కొంగును జోడించి, ఏ ఊరి చీర అని ఒక్క మాటలో చెప్పుటకు వీలులేని చీరలను ఆయన దింపెను. ఒడలొక రంగు, అంచొక రంగుగా మూడు నాడెలతో కలిపి నేయు కంచి విద్యకు ఇట్టి జోడింపు క్రొత్త కాదు. ఒక ఊరి మగ్గపు నడకకు వేరొక ఊరి నడకను కలుపుటయే క్రొత్త. చీర నుండి కళీల అనార్కలీలకు, లాక్మే వేదికలకు, సినిమా తారల వార్డురోబులకు ఆయన పేరు ప్రాకిన కథను పత్రికలు చాలినంత వ్రాసినవి, నేను దాటిపోవుచున్నాను.

నన్ను నిలిపినది 'మహానటి'. నాగ్ అశ్విన్ 2018లో తీసిన ఆ చిత్రమున సావిత్రి పాత్ర ధరించిన కీర్తి సురేష్ చీరలను నేయించినది ఆయన. ఇక్కడ చిక్కు గమనింపదగినది. సావిత్రి యౌవనము చాలవరకు నలుపు తెలుపులలో మిగిలియున్నది. 'మాయాబజార్' 1957 నాటిది, దానికి రంగులద్దినది 2010లో. ఆనాటి ఛాయాచిత్రములో బూడిద రంగున కనబడు పమిట మావిచిగురో, నెమలికంఠమో, వంగపండో ఎవరు చెప్పగలరు? గుడ్డ పడు తీరును బట్టి పట్టో నూలో పోల్చవచ్చును, అంచు వెడల్పును కొలువవచ్చును, రంగును మాత్రము కళ్ళు మూసికొని స్మరింపవలసినదే. మాచింగ్ దుకాణములో ఎండ సాక్ష్యము చెప్పును. ఇక్కడ ఎండయు లేదు. చూచిన మా పెద్దలెవ్వరును "ఇది అప్పటి చీర కాదు" అని అనలేదు. పరీక్షలన్నింటిలో అది పెద్ద పరీక్ష. 2019లో ప్రకటింపబడిన 66వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో వస్త్రాలంకరణ బహుమతి ఈ చిత్రమునకే దక్కినది. దానిని ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావు, గౌరంగ్ షా ముగ్గురును పంచుకొనిరి. పురస్కారపత్రమున మగ్గములకు చోటుండదు.

ఆ సంవత్సరమే గాంధీజీ 150వ జయంతి. ఆ సందర్భమున ఆయన తలపెట్టినది ఇంతవరకు చెప్పిన వానినన్నింటిని మించినది: రాజా రవివర్మ చిత్రములను సుమారు 30 ఖాదీ చీరల కొంగుల మీదికి జాందానీలో దింపుట. అద్దకము కాదు, కుట్టుపని కాదు. సహజవర్ణముల నూలుతో, పోగు వెంట పోగుగా, కుంచె మెత్తదనమును కండెతో పట్టుకొనుట. చెక్కిలి మీద నీడ ఎరుపు నుండి గోధుమకు తిరుగు చోట ఒక్క రంగు నూలు చాలదు. మెట్లు మెట్లుగా డజను ఛాయలు అద్దించి సిద్ధము చేసికొనవలెను. ఆ నేతకు పూనుకొన్నది శ్రీకాకుళపు ప్రాంతము.

శ్రీకాకుళపు ఖాదీ అనగా పొందూరు. పొందూరనగా కొల్లేటివారమగు మనము చెవి నిక్కింపవలసిన విశేషమొకటి కలదు. అచ్చటి స్త్రీలు కొండపత్తిని ఏకుటకు వాడు సాధనము ఇనుప దువ్వెన కాదు, వాలుగ చేప దవడ. మన చెరువుల లోను, కొల్లేటి కాలువలలోను పులుసునకు పట్టు ఆ పెద్దనోటి వాలుగయే. దాని దవడ నిండ వరుసలు తీరిన సన్నని పండ్లు గింజ నంటియున్న పోగును తెగనీయక, ముడిపడనీయక, చెత్తను మాత్రము దువ్వి తీసివేయును. అట్లు శుభ్రమైన దూదిని ఏకులుగా చుట్టి, ఆరిన అరటి దొప్పలో దాచి, చరఖా మీద నూరవ నంబరుకును పైబడిన సన్నపు నూలుగా వడకుదురు. ఏలూరు బజారులో తల విడిగా తూచి యిచ్చునప్పుడు ఆ దవడను కుక్కకు విసరుటయే మనకు తెలిసిన పని.

ఈ రవివర్మ చీరలను గూర్చి నాకొక సందేహము లేకపోలేదు. చీర కట్టుటకు గాని వ్రేలాడదీయుటకా? కట్టినచో కొంగు మీది కన్య వీపున వ్రేలాడి ముడుతలలో మొగము దాచుకొనును. కట్టనిచో అది పటము. అయినను ఒక సంగతి నా సందేహమును కొంత మెత్తపరచినది. రవివర్మ తన తైలవర్ణములలో మిక్కిలి కష్టపడినది చీర కొరకే: జరీ తళుకు, పట్టు మడత, పమిట జారు తీరు. 1894లో నెలకొల్పిన తన ముద్రణాలయము నుండి వెడలిన ఆయన లక్ష్మీ సరస్వతులు మన పూజగదులలో నేటికిని చీరకట్టులోనే యున్నారు. కుంచె నేతను అనుకరించిన నూరేండ్లకు పైబడి నేత కుంచెను అనుకరించుట బాకీ తీర్చుకొనుట వలె తోచినది.

మన ఏలూరునకు ఈ కథ పరాయిది కాదు. తంగెళ్ళమూడి తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమునకు పోయినవి. దూరపు బేరగాండ్రు తక్కువ వెలకు, త్వరితగతిని కావలెననగా చవుక రసాయన రంగులు దిగినవి, ముడులు పలుచనైనవి, మగ్గములు తగ్గినవి. నేతకు రంగు చెప్పువాడు ఎవడన్నదానిని బట్టియే నేత బ్రదుకు. తొందరపెట్టు బేరగాడు కాక, ఎన్ని నెలలైన పట్టనిండని కూర్చుండు బేరగాడు దొరకుట నేతగాని జాతకములో అరుదైన యోగము.

మొన్న ఏలూరులో ఒక దుకాణము మెట్ల మీద నిలుచుండి చూచితిని. ఒక పెద్దావిడ, కొల్లేటి లంక మనిషియని మాటతీరే చెప్పుచుండెను, కోడలికి పెట్టు చీరను ఎండలో పట్టి రంగు చూచి, అంతతో తృప్తిపడక దానిని తిరగవేసెను. జాందానీకి తిరుగుప్రక్కను బుటాల నడుమ వ్రేలాడు పోగులుండవు, కత్తిరించిన కొసలుండవు. ఆమె గోటితో ఒక బుటాను గీరి చూచి, లోపలికి కేక వేసెను: "నూలు సరిగ్గానే ఉందండీ, ఆ పచ్చ కాదు, దానికంటె ముదురు పచ్చ తియ్యండి."