కుడ్యచిత్రములలో కథాకథనము – రెండు గోడలు

కావ్యమునందు కథ కాలక్రమమున నడచును. చదువరి యొక పద్యమును ముగించినగాని రెండవ పద్యమునకు రాడు. చిత్రమునందట్టి క్రమము లేదు. ఉన్నదంతయు ఒక్కమారుగా కంటబడును. అయినను గోడల మీద కథలు చెప్పినవారు అన్ని దేశములలోను కలరు. వారు కాలమునెట్లు చూపిరి, ఎవరికి చూపిరి, చూపిన కథను చూపరులేమి చేసిరి అను ప్రశ్నలు చిత్రకారులకే గాక సాహిత్య విద్యార్థులకును విచార్యములు. ఓరుగంటి మాచల్దేవి చిత్రశాలను వర్ణించిన క్రీడాభిరామము మనకు ఉండగా, ఈ విషయము తెలుగు శాఖకు పరాయిదని ఎవరును అనజాలరు. అయితే ఆ చిత్రశాల యొక యింటి లోపలిది. మేమిచ్చట తలపెట్టినది నలుగురు మసలు చోట నిలిచిన గోడలను గూర్చి.

మొదట మనకు దగ్గరిదానిని చూతము. లేపాక్షి వీరభద్రాలయమును 16వ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలమున, పెనుగొండ అధికారియగు విరూపణ్ణ కట్టించెను. దాని కప్పు మీది చిత్రములలో మనునీతి చోళుని కథ యొకటి. రాజకుమారుని రథము క్రింద ఆవుదూడ పడి చచ్చును. తల్లియావు ధర్మఘంటను మ్రోగించును. రాజు తన కుమారునే రథచక్రము క్రింద వేయ నిశ్చయించును. తుదకు శివుడు ప్రసన్నుడై చచ్చినవారిని బ్రతికించును. కథ తమిళదేశపు తిరువారూరుది. చిత్రకారుడు దీనిని పొడవైన పట్టెలుగా పఱచి, ఆ పాత్రలనే మరల మరల వ్రాసి, ఘట్టములను వరుసగా నిలిపెను. చూచువాడు తల యెత్తి నడచుచుండగా కథయు నడచును. పద్యమును చదువునప్పుడు కన్ను చేయు పనిలో సగము ఇచ్చట కాళ్లు చేయుచున్నవి.

అదే యాలయమున, అసంపూర్ణముగా నిలిచిన కల్యాణమండపము చెంత, గోడ మీది రెండు ఎఱ్ఱని మచ్చలను చూపి స్థానికులు వేరొక కథ చెప్పుదురు. అనుమతి లేక రాజధనమును వ్యయపఱచెనను నేరమునకు విరూపణ్ణ కన్నులు తీయ రాజాజ్ఞ కాగా, అతడు తానే వానిని పెఱికి గోడకు కొట్టెనట. ఇది జనశ్రుతియే గాని చరిత్ర కాదు. ఊరిపేరునకు దీనినుండి చెప్పు వ్యుత్పత్తియు నమ్మదగినది కాదు. కాని మాకిందొక విశేషము తోచినది. కట్టించినవాని కప్పు మీది కథలో రాజు కన్నకొడుకునైనను విడువని ధర్మమూర్తి. జనులు గోడ మీద చదువుకొన్న కథలో రాజు విచారింపకయే శిక్షించువాడు. కుంచె తాకని మచ్చలును కథ చెప్పుచున్నవన్నమాట.

పోషకుని కథయు చూపరుల కథయు ఒకే కట్టడమున ఇట్లు కలిసి మనుట లేపాక్షిలో సాధ్యమైనది. 1932లో అమెరికాయందలి లాస్ ఏంజిలస్ నగరమున సాధ్యము కాలేదు.

ఆ కథకు మూలము మెక్సికోలో నున్నది. 1910లో ఆరంభమైన విప్లవము పదేండ్లు సాగి సద్దుమణిగిన పిమ్మట, విద్యామంత్రి హోసే వాస్కోన్సెలోస్ 1921 మొదలు ప్రభుత్వ భవనముల గోడలను చిత్రకారులకు అప్పగించెను. జనులలో పెక్కుమందికి చదువు రాదు. కావున గోడయే వారికి గ్రంథము కావలెననునది ఆనాటి తలంపు. డియేగో రివేరా, హోసే క్లెమెంటే ఒరోస్కో, డేవిడ్ అల్ఫారో సికెయిరోస్ అను మువ్వురు ఈ మార్గమున ప్రసిద్ధులు. సికెయిరోస్‌కు భవనము లోపలి గోడ చాలలేదు. అతడు వీధిగోడను కోరెను.

అతడు 1932లో లాస్ ఏంజిలస్ చేరి ఒక చిత్రకళాశాలలో బోధించుచుండగా, ఓల్వేరా వీధిలోని ఇటాలియన్ హాలు మేడగోడ మీద వ్రాయుమని పిలుపు వచ్చెను. ఆ వీధి, పాత మెక్సికో వాతావరణమును యాత్రికులకు చూపు అంగడిగా, 1930లో తీర్చబడినది. చిత్రవిషయమును గూడ పిలిచినవారే యిచ్చిరి: ఉష్ణమండలపు అమెరికా. చెట్లు, చిలుకలు, పండ్లు, నవ్వుమొగముల మనుష్యులు వారాశించినవి. గోడ సుమారు 80 అడుగుల పొడవు, 18 అడుగుల ఎత్తు. సికెయిరోస్ సహాయకులతో గూడి, సిమెంటు పూత మీద, రంగు చిమ్ము యంత్రముతో పని సాగించెను. నడిమి భాగమును మాత్రము కడపట, ఒక రాత్రి, ఒంటరిగా పూరించెను.

అక్టోబరు 9న తెర తొలగింపగా కనబడినది ఇది: పెనవేసికొన్న చెట్ల నడుమ శిథిలమైన మాయా కోవెల, దాని ముందు జంట సిలువకు కట్టబడిన ఆదిమజాతి పురుషుడు, అతని తలపై రెక్కలు చాచిన అమెరికా గ్రద్ద, కుడివైపున తుపాకులతో పొంచియున్న ఇద్దరు పోరాటవాదులు. లేపాక్షి చిత్రకారుడు క్షణములను పెంచి కథ చెప్పెను. ఇతడొక్క క్షణమునే గైకొని అందు మూడు కాలములనిమిడ్చెను. కోవెల గతము, సిలువ వర్తమానము, తుపాకి రాబోవునది. నాటకకర్త ఒక రంగముననే పూర్వోత్తర కథలను సూచించుట వంటిదిది.

1931 ఫిబ్రవరిలో, ఆ వీధి మొగనున్న చౌకునందే, అధికారులు జనులను చుట్టుముట్టి, మెక్సికనులను నిలిపి ప్రశ్నించిరి. ఆ యేండ్లలో వేలకొలది మెక్సికనులు ఆ ప్రాంతము విడిచి పంపబడిరి. ఆ చౌకులో నిలుచువాడు ఈ సిలువను చూచి ఏమనుకొనునో వేరుగ చెప్పనక్కఱలేదు. కొలది కాలముననే వీధికి కనబడు భాగమునకు వెల్ల వేసిరి. దశకము ముగియకమునుపే చిత్రమంతయు మఱుగుపడెను. సికెయిరోస్ అంతకుముందే దేశము విడువవలసివచ్చెను. (న్యూయార్కులో రివేరా చిత్రమునకింతకంటె కీడు జరిగినది. లెనిన్ మూర్తిని తొలగింపనన్నందులకు 1934లో దానిని గోడతో గూడ పగులగొట్టిరి.)

అయితే వెల్లకు ఎండవానలే శత్రువులు. 1960ల చివర పూత వెలసి సిలువ నీడవలె బయటపడసాగెను. 1988 నుండి గెట్టీ పరిరక్షణ సంస్థ నగరముతో కలిసి ఈ పనిని చేపట్టెను. 2012 అక్టోబరు 9న, సరిగా 80 ఏండ్లకు, చిత్రము మరల జనులకు చూపబడినది. పోయిన రంగులను మాత్రము పూరింపలేదు. మొదటి చిత్రమునకు నలుపుతెలుపు ఛాయాచిత్రములే ఆధారము.

ఇది సరియేనా? తాళపత్రములతో పని చేయు మనకీ ప్రశ్న క్రొత్త కాదు. శిథిలమైన పద్యమున పరిష్కర్త తన పాదమును చొప్పింపక గ్రంథపాతమని గుర్తు పెట్టును. ఆ న్యాయమే ఇచ్చటను ఒప్పునని మా యభిప్రాయము. వెల్ల వేసిన చేతులును ఆ గోడ చరిత్రలోనివే; క్రొత్త రంగులద్దినచో ఆ సాక్ష్యము పోవును. కాని ఒక యాక్షేపము మిగిలియున్నది. పాఠపరిష్కారము పండితుని కొఱకు. వీధి జనునికి కావలసినది కథ. వెలసిన గోడ అతనికెంత చెప్పగలదు?

దీనికి పండితులకంటె ముందే లాస్ ఏంజిలస్ చిత్రకారులు బదులు చెప్పిరి. 1970ల నుండి ఆ నగరపు మెక్సికను పేటలలో యువకులు తమ గోడల మీద తమ కథలను వ్రాయసాగిరి. జూడిత్ బాకా నాయకత్వమున వందలకొలది యువజనులు, 1976 మొదలు 1983 వఱకు పలు వేసవులలో, వఱదకాలువ గోడ మీద సుమారు అర మైలు పొడవున కాలిఫోర్నియా చరిత్రను చిత్రించిరి. లేపాక్షి పట్టెల వలె అదియు నడచుచు చదువదగినది. అందు 1930ల నాటి మెక్సికనుల బహిష్కరణయు ఒక ఘట్టము.