కారు సరే.. ఛార్జింగ్ ఎక్కడ?
అటవీ మండలాల్లో విద్యుత్తు వాహనాలకు ట్రాన్స్‌ఫార్మరే అడ్డంకి

చండ్రుగొండ: సత్తుపల్లి గనుల బొగ్గు 2022లో అందుబాటులోకి వచ్చిన రైలుమార్గంలో చండ్రుగొండ మీదుగానే తరలుతోంది. సమీపంలోని పాల్వంచ కేటీపీఎస్‌కు 2018లో మరో 800 మెగావాట్ల యూనిట్ తోడైంది. విద్యుత్తు ఉత్పత్తికి కొదువలేని ప్రాంతమిది. అయినా విద్యుత్తు కారు కొనదలచిన వారికి చిక్కు ఊరి చివర దిమ్మెపై ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ వద్ద మొదలవుతుంది.

30 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉన్న చిన్న కారునే తీసుకుందాం. ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లే ఇస్తుంది. అంటే నిండేందుకు పది గంటలు. రాత్రి పెడితే తెల్లారేసరికి సిద్ధం. ఖమ్మం వెళ్లి రావడానికి ఢోకా లేదు. 250 కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాద్‌కైతే దారిలో ఆగక తప్పదు. ఈదురుగాలికి అడవిలో చెట్టు కూలి తీగలు తెగిన రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే ఏమిటన్నది అన్నింటికంటే పెద్ద భయం. అది అర్థంలేని భయమేమీ కాదు.

గంటలోపే బ్యాటరీ నింపే ఫాస్ట్ ఛార్జర్లు ఉన్నాయి. వాటిలో 60 కిలోవాట్ల యంత్రం ఒక్కటి నడిస్తే 5 హెచ్‌పీ మోటార్లు పదహారు ఒకేసారి ఆడినంత లోడు పడుతుంది. పొలాలకిచ్చే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మోయలేదు. 63 కేవీఏదైతే దాదాపు మొత్తం దానికే సరిపోతుంది. నాట్ల వేళ రైతు ఊరుకుంటాడా? అందుకే 11 కేవీ లైను నుంచి విడిగా తీగ లాగి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి. రోజుకు రెండు కార్లు వస్తే ఆ ఖర్చు తిరిగి రాదు. స్టేషన్ లేనిదే కార్లు కొనరు, కార్లు లేనిదే స్టేషన్ పెట్టరు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్న సామెత దీనికే పుట్టినట్లుంది.

కేంద్రం 2018 డిసెంబరు మార్గదర్శకాల్లో నగరాలను 3 కిలోమీటర్ల గడులుగా విభజించి గడికొకటి, రహదారులపై 25 కిలోమీటర్లకొకటి చొప్పున ఛార్జింగ్ స్టేషన్లు ఉండాలంది. రహదారికి దూరంగా ఉన్న గూడేలు ఈ కొలతకు అందవు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్తు వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. దానితో కారు ధర తగ్గింది గానీ లైను రాలేదు.

స్థలమూ సమస్యే. అటవీ హక్కుల చట్టం (2006) సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసుతో హెక్టారులోపు అటవీ భూమిని 13 రకాల సౌకర్యాలకు కేటాయించవచ్చు. విద్యుత్తు లైన్లు ఆ జాబితాలో ఉన్నాయి, ఛార్జింగ్ స్టేషన్ లేదు.

ఈ పరిస్థితుల్లో ఊరూరా ఫాస్ట్ ఛార్జర్ల కోసం ఎదురుచూడటం కంటే బస్టాండు, పంచాయతీ కార్యాలయం, పెట్రోలు బంకుల వద్ద 7 కిలోవాట్ల చిన్న ఛార్జర్లు పెట్టడం మేలు. ఒక్కోదాని లోడు 10 హెచ్‌పీ మోటారును మించదు. నాలుగైదు గంటల్లో బ్యాటరీ నిండుతుంది. ఫాస్ట్ ఛార్జర్ కొత్తగూడెం, సత్తుపల్లి వంటి పట్టణాల్లో ఉంటే సరిపోతుంది.

ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునేవారు కారు బుక్ చేయకముందే తమ సర్వీసుకు మంజూరైన లోడు ఎంతో చూసుకోవాలి. తక్కువుంటే విద్యుత్తు పంపిణీ సంస్థకు అదనపు లోడుకు దరఖాస్తు చేయాలి. పాత వైరింగ్ మార్చి, ఎర్తింగ్ సరిచేయించుకోవాలి.