ఏకదేశాదేశం: పాణినీయ పద్ధతి, కంప్యూటర్ సంకేతం

వ్యాకరణశాస్త్రంలో ఆదేశమనగా ఒక వర్ణాన్ని తొలగించి దాని స్థానంలో మరొక వర్ణాన్ని నిలుపుట. మార్పుకు నిమిత్తమైన వర్ణం మాత్రం యథాతథంగా ఉండవలెను. ఈ భేదాన్ని పాణిని విభక్తులతో సూచించాడు. షష్ఠి స్థానిని (1.1.49), సప్తమి పరనిమిత్తాన్ని (1.1.66), పంచమి పూర్వనిమిత్తాన్ని (1.1.67) తెలుపుతాయి. ‘దధి + అత్ర’ అన్నది ‘దధ్యత్ర’ అయినప్పుడు (6.1.77) ఇకారమే యకారమైనది, పరమందున్న అకారం నిమిత్తమాత్రం. ‘వాగ్ఘరిః’ అన్నచోట (8.4.62) పూర్వమందలి ఝయ్ నిమిత్తం, హకారం స్థాని.

పాఠాన్ని వెదకి మార్చుటకు కంప్యూటర్‌లో వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లోనూ ఇదే విచారణ అవసరమవుతుంది. స్టీఫెన్ క్లీనీ 1950లలో రూపొందించిన ఈ గణితభావనను కెన్ థాంప్సన్ 1968లో పాఠాన్వేషణకు అన్వయించాడు. యంత్రం సరిపోలిన భాగాన్నంతటినీ స్థానిగానే గ్రహిస్తుంది. నిమిత్తం ఏదో వేరుగా చెప్పనిచో అదికూడా లోపిస్తుంది.

ఉత్తరాంధ్ర గ్రామనామాల పట్టిక ఒకటి గ్రాంథికరూపంలో ఉన్నదనుకొందాం. శ్రీకాకుళము, విజయనగరము, శ్రీముఖలింగము అన్నవాటిలో పదాంతమందలి ‘ము’ వర్ణకానికి పూర్ణబిందువు ఆదేశం కావలెను. ‘ము’ కనబడిన ప్రతిచోటా మార్చినచో మూడవ నామం ‘శ్రీంఖలింగం’ అవుతుంది. ‘పాము’ అన్నది ‘పాం’ అవుతుంది. ‘దుమ్ము’ రూపమే చెడిపోతుంది.

దీనికి మార్గాలు రెండు. మొదటిది నిమిత్తాన్ని కుండలీకరణాల్లో గ్రహించి, ఆదేశంలో తిరిగి నిలుపుట. ([క-హ])ము అని వెదకి $1ం అని వ్రాసినచో పూర్వహల్లు మరల వచ్చి చేరుతుంది. అయితే ఇట్లు గ్రహించిన నిమిత్తం తరువాతి అన్వేషణకు మిగలదు. ‘1,2,3’ అన్నచోట ([0-9]),([0-9]) అని వెదకితే, 2 మొదటి కామాతోనే వ్యయమగుటచేత రెండవ కామా మారదు.

రెండవది నిమిత్తాన్ని గ్రహింపక చూచి విడుచుట. ఇది పాణినీయానికి సన్నిహితం:

(?<=[క-హ])ము(?![ఁ-హ])

ఇందు మొదటి కుండలీకరణం పూర్వనిమిత్తం, చివరిది పరనిషేధం. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు హల్లు తరువాత వేరు సంకేతంగా ఉంటుంది. కావున ‘ము’కు ముందు హల్లే ఉన్నదనగా అది అకారాంతమని అర్థం. ‘పాము’లో దీర్ఘం, ‘దుమ్ము’లో పొల్లు అడ్డుపడుటచేత అవి మారవు. ‘సముద్రము’లోని మొదటి ‘ము’ పరనిషేధంచేత నిలిచి, అంత్యం మాత్రమే మారుతుంది. పూర్వనిమిత్తాన్ని చూచే ఈ సౌకర్యం పెర్ల్ భాషలో 1998లో, జావాస్క్రిప్ట్‌లో 2018 ప్రమాణంతో వచ్చింది.

సూత్రం సరియైనంత మాత్రాన అన్నిచోట్లా ప్రవర్తింపజేయరాదు. ‘నగరము’ నాలుగు లఘువుల నలం, ‘నగరం’ సగణం. మాత్రలు సమానమైనా గణం మారుతుంది. వచనంలో నిర్దోషమైన ఆదేశం పద్యంలో ఛందోభంగం కావచ్చు. శ్రీముఖలింగ సమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి వచనరచనకు వ్యావహారికాన్ని కోరాడు. ప్రాచీనపద్యాల పాఠాలను దిద్దుమనలేదు. తాళపత్రప్రతులను కంప్యూటర్‌లోకి ఎక్కించువారు పద్యభాగాన్ని ముందుగా వేరుచేసి, మూలప్రతిని మార్పులేక భద్రపరచి, మారిన ప్రతిస్థలాన్నీ పరిశీలించుట కర్తవ్యం. నిమిత్తాన్ని చూడగలిగిన యంత్రం ప్రకరణాన్ని చూడలేదు. ఆ భారం పరిష్కర్తదే.