ప్రత్యేక విద్య: మేలెంత, లోపమెక్కడ?

మన వీధిలో ఒక బిడ్డ బడికి పోకుండా గడపలో కూర్చుని ఉంటే, "పాపం, వాడికి చదువు రాదులెండి" అని తేలికగా అనేస్తాము. వాడికి నేర్పే పద్ధతి మనకు తెలియదని మాత్రం ఒప్పుకోము.

ఆ పద్ధతే ప్రత్యేక విద్య. చొక్కా గుండీ పెట్టుకోవడం వంటి చిన్న పనిని కూడా మెట్లుమెట్లుగా విడదీసి, ఓపికగా నేర్పుతారు. చూపులేని బిడ్డకు బ్రెయిలీ, వినికిడి లేని బిడ్డకు సంజ్ఞా భాష నేర్పుతారు. తెలుగు రాష్ట్రాల్లోని భవిత కేంద్రాలు ఈ సేవకే ఉన్నాయి. 2016 నాటి చట్టం ప్రకారం, 40 శాతం గాని అంతకు మించి గాని వైకల్యమున్న 6 నుండి 18 ఏళ్ల బిడ్డలకు, దగ్గరి బడిలోనైనా, కోరుకున్న ప్రత్యేక బడిలోనైనా ఉచితంగా చదువుకొనే హక్కు ఉంది.

అయితే లోపాలూ ఉన్నాయి. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి బిడ్డలు 10 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2022లో కేంద్రం నిర్ణయించింది. ఆ పోస్టులు ప్రకటించమని 2025లో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

ఇంకొక లోపం మన కంటికి ఆనదు. బిడ్డను వేరే గదిలో కూర్చోబెట్టి నాణేలు లెక్కపెట్టడం నేర్పవచ్చు. కాని తోటి పిల్లలతో అంగడికి వెళ్లి బిస్కెట్లు కొననిదే ఆ లెక్క వాడి బ్రతుకులోకి రాదు. "వాడు ఆ టీచరుగారి పిల్లవాడు" అని మిగతా ఉపాధ్యాయులు అనుకొన్నంత కాలం, బడిలో ఉన్నా వాడు ఒంటరివాడే.

తలిదండ్రులారా, ఈ సంవత్సరం మీ బిడ్డకు ఏమేమి నేర్పబోతున్నారో బడిలో అడిగి వ్రాయించుకొనండి. మిగిలిన మనం, ఈ సాయంత్రమే మన పిల్లలతో "వాడినీ ఆటకు పిలవండి" అని చెబుదాము. ఆ పిలుపు ఏ ఉపాధ్యాయుడూ ఇవ్వలేడు.