అపార్ట్‌మెంట్ గొడవకు ఏ తలుపు తట్టాలి?

లిఫ్టు మూలనపడింది, బోరు ఎండింది, ట్యాంకర్ల లెక్క తేలడం లేదు. హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా ఇలాంటి గొడవలు లేని అపార్ట్‌మెంట్ అరుదు. కోపంలో ఒకరు "రెరాకు రాస్తా" అంటే, ఇంకొకరు "స్టేషన్‌లో తేల్చుకుందాం" అంటారు. చాలాసార్లు ఆ రెండూ సరైన చోట్లు కావు. ఎక్కడికి వెళ్లాలో తెలియక ఓనర్లు ఏళ్ల తరబడి నష్టపోతున్నారు.

అపోహ: రెరాకు ఫిర్యాదు చేస్తే అసోసియేషన్ కమిటీని దారిలో పెడుతుంది.

వాస్తవం: 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది బిల్డరు, కొనుగోలుదారు, ఏజెంటు మీదే. కమిటీ ఎన్నికలు, ఖర్చుల లెక్కలు దాని పరిధిలోకి రావు. మీ అసోసియేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, 23వ సెక్షన్ రెండు దారులు చూపుతుంది: మధ్యవర్తిత్వం, లేదా జిల్లా కోర్టు. రిజిస్ట్రార్ ఆఫీసులో మీ బైలాలు, కమిటీ జాబితా ఉంటాయి. అయితే సభ్యుల తగాదాలో తీర్పు చెప్పే అధికారం రిజిస్ట్రార్‌కు లేదు. 1995 చట్టం కింద పరస్పర సహాయక సహకార సంఘంగా నమోదైతే దారి వేరు. అందుకే ముందుగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసి చూడాలి.

కెనడాలోని ఆంటారియోలో 2017 నుంచి కాండోమినియం ఓనర్ల కోసమే ఒక అథారిటీ, కొన్ని రకాల తగాదాలను ఆన్‌లైన్‌లోనే తేల్చే ట్రిబ్యునల్ పనిచేస్తున్నాయి. అక్కడ ఉంటూ ఇక్కడ ఫ్లాటు కొన్న తెలుగువాళ్లు అలాంటిది ఇక్కడా ఉందనుకుంటే నిరాశ తప్పదు. తెలుగు రాష్ట్రాల్లో ఓనర్ల కోసం అలాంటి ప్రత్యేక వ్యవస్థ లేదు. ఉండాలని గట్టిగా అడగాల్సిన సమయం వచ్చింది.

అపోహ: తాళాలు ఇచ్చేశాక బిల్డరు బాధ్యత తీరిపోయింది.

వాస్తవం: ఓనర్లు ఎక్కువగా నష్టపోయేది ఈ నమ్మకంతోనే. రెరా పరిధిలోని ప్రాజెక్టులో ఫ్లాటు స్వాధీనమైన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, మీరు దాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, అదనంగా పైసా తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక ప్లాన్లు, పత్రాలు అసోసియేషన్‌కు అప్పగించాలి. అసోసియేషన్ బాధ్యత తీసుకునేదాకా సహేతుకమైన చార్జీలకు నిత్యావసర సేవలు నడపాల్సిందీ బిల్డరే. ఇవి జరగకపోతే అసోసియేషన్ తన పేరు మీదే రెరాకు వెళ్లవచ్చు. కాబట్టి లీకులు, పగుళ్లు కనిపించిన రోజే ఫొటోలు తీసి, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. నోటిమాట విచారణలో నిలవడం కష్టం. రిజిస్ట్రేషన్ నాడు కట్టించుకున్న కార్పస్ ఫండ్ లెక్కను కూడా అప్పుడే రాతలో అడగండి. అది ఓనర్ల డబ్బు.

అపోహ: ఖాళీ జాగా బిల్డరుది, పార్కింగ్‌గా ఎవరికైనా అమ్ముకోవచ్చు.

వాస్తవం: పైకప్పు లేని పార్కింగ్‌ను, టెర్రస్‌ను రెరా చట్టం ఉమ్మడి ప్రాంతాల్లోనే చేర్చింది. 2010లో ఒక ముంబై కేసులో, మహారాష్ట్ర చట్టం ప్రకారం స్టిల్టు పార్కింగ్‌ను కూడా విడిగా అమ్మరాదని సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాను, లిఫ్టు ఖర్చు నాకు వద్దు.

వాస్తవం: వాడినా వాడకపోయినా ఉమ్మడి నిర్వహణలో మీ వాటా మీరు కట్టాల్సిందే. అలాగని బాకీ పడ్డ ఇంటికి నీళ్లు ఆపేయడం న్యాయం కాదు. ఆ ఇంట్లో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటారు. వసూలుకు నోటీసు ఉంది, దావా ఉంది.

అపోహ: మెయింటెనెన్స్ ఎంతైనా జీఎస్టీ కట్టాలి.

వాస్తవం: సభ్యుడికి నెలకు రూ. 7,500 దాకా మినహాయింపు ఉంది.

అపోహ: కమిటీ మాటే చివరి మాట.

వాస్తవం: కమిటీని ఎన్నుకునేది మీరే, లెక్కలు అడగాల్సిందీ మీరే. సర్వసభ్య సమావేశానికి పదిమందే వస్తే ఆ పదిమందే అందరి డబ్బు గురించీ నిర్ణయిస్తారు. అమెరికాలో ఉన్నవాళ్లు తమ తరఫున ఓటు వేసే అవకాశం బైలాల్లో ఉందేమో చూసుకోవాలి. ఈ ఏడాది సమావేశానికి తప్పకుండా వెళ్లండి, ఆడిట్ అయిన లెక్కలు అడిగి చదవండి.